చూపు తగ్గిన తల్లికి మోటారు కుర్చీ

(సంఘ వార్షిక సభలో ఒక ఉర్దూ మీడియం ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఏటేటా ఈ సభలో నన్ను పిల్లల చదువు గూర్చి మాట్లాడమంటారు. బడిపంతుల్ని గనుక అది న్యాయమే. ఈసారి మాత్రం కార్యదర్శి గారిని నేనే అడిగి వేరే విషయం తీసుకొన్నాను. నాది ఉర్దూ మీడియం, తెలుగు వీధిలో నేర్చుకొన్నది. మాట అటూ యిటూ అయితే పెద్ద మనసుతో సర్దుకోవాలని మనవి.

మన సభ్యుల కుటుంబాల్లో డెబ్బై దాటిన తల్లో తండ్రో లేని యిల్లు తక్కువ. కొందరికి మోకాళ్ళు పోయాయి. కొందరు తుంటి ఎముక విరిగి లేవలేకుండా వున్నారు. షుగరు వల్ల చూపు మందగించినవారు చాలామంది. ఒక కష్టం వస్తే ఎలాగో నెట్టుకొస్తాం. కాళ్ళు పోతే కుర్చీ తెస్తాం. కళ్ళు పోతే చెయ్యి పట్టుకొని నడిపిస్తాం. రెండూ ఒకరికే వచ్చినప్పుడే చిక్కు. నడిపిద్దామంటే కాళ్ళు లేవు, కుర్చీ యిద్దామంటే కళ్ళు లేవు. అప్పుడు మనం చేసేది ఒకటే. మంచం మీద కూర్చోబెట్టి, "అమ్మీ, ఏం కావాలన్నా ఒక్క కేక వెయ్యండి" అంటాం. ప్రేమతోనే అంటాం. కాని ఆ మాటతో ఆమె లోకం మంచమంత అయిపోతుంది.

మా అమ్మీకి డెబ్బై ఆరేళ్ళు. పదేళ్ళుగా కళ్ళలో నీటికాసులు. రెండేళ్ళ క్రితం స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను అయింది గాని మళ్ళీ నడక రాలేదు. చక్రాలను చేత్తో తిప్పుకొనే మామూలు కుర్చీ తెచ్చాం. భుజాల్లో బలం లేక రెండు బారలు కూడా కదపలేకపోయింది. అప్పుడు మోటారు కుర్చీ మాట వచ్చింది. వచ్చిన వెంటనే యింట్లో రెండు పక్షాలు అయ్యాయి.

మా భాయిజాన్ అన్నారు: "చూపు సరిగా లేని మనిషి చేతికి మోటారు యిస్తావా? రేపు ఏ మెట్ల మీంచో పడితే ఎవరు జవాబు చెప్పాలి? ఇంతమందిమి వున్నాం, అమ్మీని తోసుకొని పోలేమా?" ఆ మాటలో తప్పు లేదు. భయం వుంది, ప్రేమ కూడా వుంది. మా చెల్లెలు మాత్రం మా యిద్దరినీ పక్కన పెట్టి, అమ్మీనే అడిగింది. అమ్మీ చెప్పింది: "మీరు తోస్తారు బేటా, కాదనను. కాని ఎవరు ఎప్పుడు వచ్చి తోస్తారా అని నేను కూర్చొనే వుండాలి గదా. నీళ్ళ కుండ పది అడుగుల్లో వుంది. ఆ పది అడుగులు నా అంతట నేను పోవాలి."

ఆ పది అడుగుల కోసం మేము చేసిన ఏర్పాట్లే ఈవేళ మీ ముందు పెడుతున్నాను. ఇందులో పెద్ద శాస్త్రం ఏమీ లేదు. మీ యింట్లో రేపు అవసరం పడవచ్చు, అందుకని చెబుతున్నాను.

ముందుగా యంత్రం సంగతి. రెండవ ప్రపంచ యుద్ధంలో గాయపడి కాళ్ళూ చేతులూ చచ్చుబడిన సైనికుల కోసం, కెనడాలోని జాతీయ పరిశోధన మండలిలో జార్జ్ క్లైన్ అనే యింజనీరు ఈ మోటారు కుర్చీకి రూపం యిచ్చాడు. చేతిలో కాస్త కదలిక వుంటే చాలు, చిన్న పిడిని వంచి ఎటు కావాలంటే అటు పోవచ్చు. దాన్నే జాయ్‌స్టిక్ అంటున్నాం. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ సైనికులకు కాళ్ళు లేవు, చేతిలో సత్తువ లేదు, కాని కళ్ళున్నాయి. కుర్చీని తయారుచేసినవాడు చూపు వుంటుందనే లెక్కలోనే తయారుచేశాడు. ఇప్పటికీ అంగడిలో దొరికే కుర్చీలు ఆ లెక్క మీదనే వస్తున్నాయి. వేగం ఎంతో చెప్పడానికి చిన్న దీపాలు, బ్యాటరీ ఎంత వుందో చెప్పడానికి మళ్ళీ దీపాలు. చూపు తగ్గినవారికి అవి వున్నా ఒకటే, లేకున్నా ఒకటే. అంచేత కుర్చీ కొన్నంత మాత్రాన పని కాదు. చూపు చేయవలసిన పనిని నెమ్మదికీ, స్పర్శకూ, శబ్దానికీ, తెలిసిన దారికీ పంచి పెట్టాలి. నేను చెప్పబోయేదంతా ఈ నాలుగింటి వివరమే.

కుర్చీ కొనే ముందు చేయవలసిన పని ఒకటుంది, కంటి డాక్టరు దగ్గరకు పోవడం. "చూపు తగ్గింది" అని మనం ఒకే మాట అంటాం గాని తగ్గడంలో రకాలున్నాయి. శుక్లం అయితే ఆపరేషనుతో చూపు తిరిగి రావచ్చు. దాన్ని వదిలి కుర్చీకి హంగులు చేయడం దండగ. నీటికాసుల్లో చుట్టుపక్కల చూపు పోయి నడిమి చూపు మిగులుతుంది, గొట్టంలోంచి చూసినట్టు వుంటుంది. వీరికి ఎదుటి మనిషి ముఖం కనబడుతుంది, కాలి దగ్గర స్టూలు కనబడదు. పోయిన చూపును మందు వెనక్కి తేలేదు, మిగిలినదాన్ని కాపాడుతుంది. కనుక చుక్కల మందు ఒక్క పూట మానరాదు. వయసు మీద వచ్చే మాక్యులా జబ్బులో దీనికి తలకిందులు. నడిమి చూపు పోయి పక్క చూపు నిలుస్తుంది. గడప కనబడుతుంది, ఎదురుగా వచ్చే మనిషి ముఖం మాత్రం మసకే. షుగరు వల్ల రెటీనా పొర దెబ్బతింటే అక్కడక్కడ మచ్చలు మచ్చలుగా చూపు పోతుంది. పక్షవాతం వచ్చినవారిలో కొందరికి రెండు కళ్ళలోనూ ఒకే పక్క సగం చూపు వుండదు, పైగా ఆ పక్క లేదన్న సంగతి కూడా వారికి తోచదు. వారి విషయంలో అందరికన్నా ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఇప్పుడు తెలిసింది గదా, ఒక యింట్లో పనికి వచ్చిన ఏర్పాటు పక్కింట్లో పనికి రాకపోవచ్చు. కుర్చీ అమ్మిన అంగడివారు మమ్మల్ని అమ్మీ బరువు ఎంత అని అడిగారు గాని చూపు ఎలా వుంది అని ఒక్క మాట అడగలేదు. వారు అడగరు గనుక మనమే తెలుసుకొని పోవాలి. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటి చోట, మిగిలిన చూపును ఎలా వాడుకోవాలో నేర్పే విభాగమే వేరుగా వుంది.

ఇక వేగం. ఇక్కడ బడిపంతులు లెక్క చెప్పక తప్పదు. చాలా కుర్చీలు గంటకు 6 కిలోమీటర్ల దాకా పోతాయి. అంటే సెకనుకు దాదాపు 1.7 మీటర్లు. ముందు ఏదో వుందని గ్రహించి, పిడి వదలడానికి పెద్దవారికి సెకనున్నర పట్టిందనుకోండి. ఆ లోపల కుర్చీ రెండున్నర మీటర్లు, అంటే ఎనిమిది అడుగులు పోయి వుంటుంది. మా అమ్మీకి స్పష్టంగా తెలిసేది నాలుగైదు అడుగులు. కనబడేలోగానే తగిలిపోతుందన్న మాట. అదే కుర్చీని గంటకు కిలోమీటరున్నరకు తగ్గిస్తే, ఆ సెకనున్నరలో అది పోయేది రెండు అడుగులు. నాలుగు అడుగుల చూపుకు రెండు అడుగుల పరుగు సరిపోతుంది. ఎంత దూరం తెలుస్తుందో అందులో సగంలో ఆగగలగాలి. మేము పెట్టుకొన్న నియమం యిదే.

మంచి రకం కుర్చీలైతే అమ్మినవారే తమ పరికరంతో గరిష్ఠ వేగాన్ని, తిరిగేటప్పటి వేగాన్ని, కదిలేటప్పటి కుదుపును తగ్గించి యిస్తారు. అడిగి చేయించుకోవాలి. ముఖ్యంగా తిరిగే వేగం. ముందుకు పోయేటప్పుడు కన్నా గిర్రున తిరిగేటప్పుడే కాళ్ళు గోడకు కొట్టుకొంటాయి. మాది తక్కువ ధర కుర్చీ. దానికి అయిదు మెట్ల వేగం మీట మాత్రమే వుంది. ఏ మెట్టు మీద వుందో చెప్పే దీపం అమ్మీకి కనబడదు. మేము ఒక ఉపాయం చేశాం. స్విచ్చి వేసిన వెంటనే తగ్గించే మీటను అయిదుసార్లు నొక్కాలి. ఏ మెట్టు మీద వున్నా అయిదు నొక్కులకు అడుగుకు దిగిపోతుంది. పెంచే మీట మీద చిన్న డబ్బా మూత అతికించాం. అమ్మీ తస్బీహ్ లెక్కపెట్టినట్టు అయిదు లెక్కపెట్టి బయలుదేరుతుంది.

ఈ కుర్చీలో వున్న పెద్ద భద్రత ఏమిటంటే, పిడి వదిలితే అది తనంతట నడిమికి వస్తుంది, మోటారు ఆగి బ్రేకు పడుతుంది. భయం వేసినప్పుడు మనిషి సహజంగా గట్టిగా పట్టుకొంటాడు. ఇక్కడ దానికి వ్యతిరేకంగా, భయం వేస్తే చెయ్యి ఎత్తెయ్యాలి. ఇది అలవాటు కావాలి. మరొక మాట. కుర్చీ వెనుక, మోటారు దగ్గర, చక్రాలను విడిచిపెట్టే మీట వుంటుంది. బ్యాటరీ అయిపోతే చేత్తో తోసుకొనేందుకు దాన్ని పెట్టారు. ఆ మీట విడిచి వుంటే బ్రేకు పని చేయదు. వాలు మీద ఆ మీటను ఎవరూ ముట్టుకోరాదు. పిల్లలకు మరీ మరీ చెప్పాలి.

పిడి సంగతి. మామూలు పిడి నున్నగా, గుండ్రంగా వుంటుంది. చెయ్యి తీసి మళ్ళీ పెడితే ముందు ఏదో వెనుక ఏదో తెలియదు. పిడి పైన ముందువైపున ఒక బొడిపె అతికించాం. వేలు తగలగానే దిక్కు తెలుస్తుంది. ఆన్ చేసే మీట మీద ఒక చుక్క, హారను మీద రెండు చుక్కలు. గట్టిపడే జిగురుతో పెట్టిన చిన్న చుక్కలే అవి. చెయ్యి వణికేవారికి పిడి చుట్టూ కూడలి గుర్తులా చీలిక వున్న పలక బిగిస్తారు. అప్పుడు పిడి ముందుకు, వెనక్కు, కుడికి, ఎడమకు మాత్రమే పోతుంది, మూలలకు జారదు. చూపు లేనివారికి కూడా ఇది మేలు. నేరుగా పోతున్నామా లేదా అన్నది చేతికే తెలుస్తుంది.

తరువాత స్పర్శ, శబ్దం. కాళ్ళు పెట్టుకొనే పలకల అంచులకు, ఏసీ గొట్టాల మీద తొడిగే నల్లని స్పాంజి గొట్టం చుట్టాం. కుర్చీ, మనిషి కలిపితే వంద కిలోల దాకా బరువు. నెమ్మదిగా తగిలినా కాలివేళ్ళకు దెబ్బే. ఆ మెత్త లేకుండా ఒక్క రోజు కూడా నడపరాదు. కుర్చీకి రెండు వైపులా, నేల మీంచి జానెడు ఎత్తులో, ప్లాస్టిక్ చీపురు పుల్లలు చిన్న కట్టగా కట్టి బయటికి వుండేట్టు బిగించాం. గోడ దగ్గరకు రాగానే పుల్లలు "సర్ర్"మంటాయి. ఏ వైపు శబ్దం వస్తే ఆ వైపు గోడ. కుర్చీ గోడకు తగలకముందే చెవికి తెలిసిపోతుంది. పిల్లి మీసాలు చేసే పని అదే గదా. మా యింట్లో దాన్ని మీసాల కుర్చీ అంటారు.

కార్లకు వెనుక పెట్టే సెన్సారును ముందు పెట్టవచ్చు గదా అని కొందరు అడిగారు. పెట్టవచ్చు. అడ్డం దగ్గరయ్యే కొద్దీ దాని కూత వేగం అవుతుంది. కాని రెండు జాగ్రత్తలు. కుర్చీలో సాధారణంగా రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిసి 24 వోల్టులు యిస్తాయి. సెన్సారుకు 12 చాలు గదా అని ఒక్క బ్యాటరీ నుంచి తీగ లాగితే, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అరిగి రెండూ చెడతాయి. దానికి వేరే చిన్న బ్యాటరీ పెట్టుకోవడం మేలు. కుర్చీ కంట్రోలరు తీగలు ఏ మేస్త్రీ చేతా కోయించరాదు. గ్యారంటీ పోవడం ఒకటైతే, కుర్చీ నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం రెండవది. ఇక రెండవ జాగ్రత్త యింకా ముఖ్యం. ఆ సెన్సారు గోడను పట్టుకొంటుంది గాని సన్నని మంచం కోడును వదిలేయవచ్చు. కిందికి దిగే మెట్టును అది అసలు చెప్పదు. ఎదుట ఏమీ లేకపోతే అది మౌనంగా వుంటుంది. గొయ్యి దగ్గర కూడా ఏమీ లేనట్టే వుంటుంది మరి!

కనుక పల్లం విషయంలో యంత్రాన్ని నమ్మరాదు, సిమెంటును నమ్మాలి. వరండా అంచున, ర్యాంపు రెండు పక్కలా నాలుగు అంగుళాల గట్టు కట్టించాం. చక్రం గట్టుకు తగిలి ఆగుతుంది. కట్టడానికి ముందు వరకు అమ్మీ వరండాలోకి ఒంటరిగా పోకుండా తలుపుకు గొళ్ళెం పెట్టాం. గట్టు ముందు, స్వేచ్ఛ తరువాత. ఈ వరుస తప్పరాదు.

ర్యాంపు గూర్చి ఒక లెక్క. ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు కావాలి. ఏడంగుళాల మెట్టు ఒకటుంటే ఏడడుగులు. మూడు మెట్లుంటే ఇరవై ఒక్క అడుగులు. మన పాత వీధుల్లో అంత జాగా ఎక్కడిది? అందుకని పొడవు తగ్గించి నిటారుగా కట్టేస్తారు. అది ర్యాంపు కాదు, జారుడుబండ. జాగా లేకపోతే మలుపు తిప్పి, మలుపు దగ్గర కుర్చీ తిరిగేటంత చదును వదిలి కట్టాలి. అదీ కుదరకపోతే ఆ గుమ్మం దగ్గర మనిషి సాయం వుండి తీరాలి.

ఇంట్లో సంగతి. మాది పాత యిల్లు. తలుపు రెక్క తీస్తే వచ్చే సందు 70 సెంటీమీటర్లు, కుర్చీ వెడల్పు 62. రెండు వైపులా నాలుగేసి సెంటీమీటర్లు మిగులుతాయి. కళ్ళున్న వాళ్ళకే కష్టం. లోపలి గదుల తలుపు రెక్కలు తీసేసి పరదాలు వేశాం. ద్వారబంధాలు గోడతో పాటు తెల్లగా వుండేవి. వాటికి ముదురు నీలం రంగు వేశాం. తెల్లటి గోడలో నీలి చట్రం అమ్మీకి దూరం నుంచే తెలుస్తుంది. మలుపు వచ్చే చోట నేల మీద గరుకు రబ్బరు పట్టీ అంచులతో సహా అతికించాం. చక్రం దాని మీదకు ఎక్కగానే కుర్చీ సన్నగా అదురుతుంది. ఒక్క పట్టీ అంటే వంటింటి మలుపు, రెండు పట్టీలంటే వరండా. కాళ్ళు తుడుచుకొనే గుడ్డ పట్టాలన్నీ తీసేశాం. హాలులో గోడ గడియారం టిక్కుటిక్కుమంటూ వుంటుంది, అది ఆమెకు దిక్సూచి. అన్నిటికన్నా పెద్ద నియమం ఏమిటంటే, యింట్లో ఏ వస్తువూ జాగా మారరాదు. జరిపితే ఆమెకు చెప్పి జరపాలి. చూపు తగ్గిన మనిషి యింటిని కళ్ళతో కాదు, జ్ఞాపకంతో చూస్తుంది. స్టూలు జరిపినవాడు ఆమె కళ్ళకు గంత కట్టినట్టే.

నేర్పడం గూర్చి. పిల్లలకు అలిఫ్ రాకుండా బే చెప్పం. కుర్చీకి అలిఫ్ ఏమిటి? కదలడం కాదు, ఆగడం. మొదటి వారం అమ్మీ నేర్చుకొన్నది ఒక్కటే. పిడి కొంచెం వంచడం, వదలడం. అది కూడా ఆదివారం పూట ఖాళీ మైదానంలో. తరువాత ఒక గోడ వెంబడి. ఎడమ చెయ్యి గోడను రాసుకొంటూ, కుడి చెయ్యి పిడి మీద. చూపు లేని కొందరు కుర్చీలో కూర్చొని ఎడమ చేత్తో పొడుగు కర్ర ముందు తాకిస్తూ కుడిచేత్తో కుర్చీ నడుపుతారు, అది కూడా నేర్చుకోదగినదే. ఆ తరువాత మంచం నుంచి నీళ్ళ కుండ దాకా. ఒక దారి బాగా వచ్చేదాకా రెండో దారి లేదు.

పక్కన నడిచేవారికి కూడా శిక్షణ కావాలి. నలుగురూ ఒక్కసారి "అటు! ఇటు! అరె చూసి!" అంటే నేర్చుకొనేవారు ఏం వింటారు? ఒక్కరే మాట్లాడాలి. కుడి, ఎడమ అనాలి గాని అటు, ఇటు అనరాదు. ఆపడానికి యింటిల్లిపాదికీ ఒకటే మాట వుండాలి. మా యింట్లో అది "ఠైరో". మనవళ్ళు ఆటలో కూడా ఆ మాట వాడరాదని షరతు పెట్టాం.

మొదటి నెల బీరువాకు గీతలు పడ్డాయి, గోడ సున్నం రాలింది. భాయిజాన్ ఆ గీతలు చూపించి నన్ను అడిగారు. "గోడకు సున్నం మళ్ళీ వేయిస్తాను భాయిజాన్" అన్నాను. ఇప్పుడు ఆయనే సాయంత్రం పూట కుర్చీ ఛార్జింగు పెడుతున్నారు.

చిన్న జాగ్రత్తలు కొన్ని. దుపట్టా, చీర కొంగు, శాలువా అంచు చక్రంలో పడకుండా దోపుకోవాలి. గుమ్మంలో మోచేతులు లోపలికి తీసుకోవాలి. వెనుక పిల్లలు ఎక్కి నిలబడరాదు, కుర్చీ వెనక్కు తిరగబడుతుంది. వానలో పిడి పెట్టెకు ప్లాస్టిక్ సంచి తొడగాలి. నిద్ర తెచ్చే మందు వేసుకొన్న పూట కుర్చీ వద్దు. రోడ్డు మీదకు ఒంటరిగా ఎప్పుడూ వద్దు. అక్కడ మా అమ్మీ పక్కన మేమే వుంటాం. వెనుకనుంచి తోడు మనిషి నడిపే రెండవ పిడి కొన్ని కుర్చీలకు వుంటుంది. బయటి పనులకు అది మంచిది, కొనేటప్పుడే అడిగి తీసుకోవాలి.

ఇప్పుడు కష్టమైన మాట ఒకటి చెప్పాలి. పిడి ఎప్పుడు తీసుకోవాలి? ఒక రోజు రావచ్చు. "ఠైరో" అన్నా చెయ్యి ఎత్తడం మరిచిపోతున్నప్పుడు, తెలిసిన దారిలోనే దిక్కు తప్పుతున్నప్పుడు, చూపు హఠాత్తుగా యింకా తగ్గినప్పుడు, ముందు డాక్టరుకు చూపించాలి. అంతవరకు పిడి మన చేతిలో వుండాలి. కాని దానికి ఒక మర్యాద వుంది. ఆమె నిద్రపోతుండగా బ్యాటరీ తీగ ఊడదీసి, "అమ్మీ, కుర్చీ చెడిపోయింది" అని చెప్పరాదు. అలా చేసిన యిళ్ళు నాకు తెలుసు. అబద్ధం ఆడి ఆపితే, ఆమె రోజూ బాగయిందా అని అడుగుతూనే వుంటుంది. ఎదురుగా కూర్చొని చెప్పాలి. మేము మొదటి రోజే అమ్మీతో ఒప్పందం చేసుకొన్నాం. ఏ గుర్తులు కనబడితే కుర్చీ ఆపుతామో ఆమెకే చెప్పాం. ఆమె ఒప్పుకొంది, ఒక షరతు తానూ పెట్టింది: "అనుమానంతో ఆపకండి. చూసి ఆపండి."

ఖర్చు గూర్చి. మా కుర్చీకి యాభై ఎనిమిది వేలు అయింది. స్పాంజి, పట్టీలు, రంగు, గట్టు కలిపి ఆరు వేలు. కొనలేనివారికి దారులు కొన్ని వున్నాయి. వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడీఐపీ పథకం 1981 నుంచి నడుస్తున్నది. పేద వృద్ధుల కోసం రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరు జిల్లాలోనే మొదలయింది. అందులో చేతికర్ర, వాకరు, చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం, కళ్ళద్దాలు వంటివి ప్రకటించారు, మోటారు కుర్చీ ఆ జాబితాలో లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో కాళ్ళ వైకల్యం వేరు, చూపు తక్కువ కావడం వేరు. కాబట్టి సదరం శిబిరానికి పోయినప్పుడు కాళ్ళ కాగితాలే కాక కంటి కాగితాలు కూడా తీసుకొని పోండి. రెండూ వున్న మనిషికి ఒకటే రాయించుకొని వచ్చేవారు మనలో ఎందరో వున్నారు.

చివరగా సంఘానికి మూడు మనవులు. మొదటిది, ఈ హాలు ముందు మూడు మెట్లున్నాయి. ఈవేళ ముగ్గురు పెద్దవారిని కుర్చీలతో సహా ఎత్తి లోపలికి తెచ్చారు. ఎత్తిన కుర్రవాళ్ళకు అల్లా మేలు చేయుగాక. కాని ఎత్తబడిన పెద్దమనిషి ముఖం కూడా చూడండి. పక్క సందు వైపు మలుపు తిప్పి ర్యాంపు కట్టడానికి జాగా వుంది, నేను టేపు పెట్టి కొలిచాను. అంచులకు గట్టు, పసుపు రంగు పట్టీ మరవకండి.

రెండవది, పెద్దలు వెళ్ళిపోయాక వారి కుర్చీలు, వాకర్లు మన యిళ్ళలో అటకల మీద వుంటున్నాయి. అవి సంఘానికి యిస్తే, రిపేరు చేయించి ఒక గదిలో వుంచి, కావలసినవారికి అరువుగా యివ్వవచ్చు. మోటారు కుర్చీ బ్యాటరీ వాడకుండా పడేస్తే చెడిపోతుంది, కాబట్టి యివ్వదలచినవారు త్వరగా యివ్వండి. కొనకముందు పది రోజులు వాడి చూసే వీలుంటే ఎన్నో యిళ్ళలో తగాదా తీరుతుంది.

మూడవది, మన వాడలో వెల్డింగు చేసేవారు, మోటార్లు బాగుచేసేవారు, సైకిలు మేస్త్రీలు మన పిల్లలే. మీసాలు బిగించింది, పలక కోసింది నా దగ్గర చదివిన కుర్రవాడే. వారి పేర్ల పట్టిక ఒకటి సంఘం ఆఫీసులో వుంచితే ఎవరికి ఏ అవసరం వచ్చినా దారి దొరుకుతుంది. ర్యాంపు కోసం నా వంతుగా ఒక నెల జీతంలో సగం యిప్పుడే కోశాధికారి గారికి అందజేస్తున్నాను.

తల్లిదండ్రుల ఖిద్మత్ అంటే వారి పనులన్నీ మనమే చేసిపెట్టడం అని అనుకొంటాం. చేయవలసినవి చేయాలి, అందులో సందేహం లేదు. కాని వారు చేసుకోగలిగినది వారి చేతిలోంచి తీసుకోకపోవడం కూడా ఖిద్మతే. దానికి ఓపిక ఎక్కువ కావాలి. తోస్తే నిమిషంలో అయ్యే పనికి పది నిమిషాలు పక్కన నిలబడాలి.

 ఎవరికైనా కుర్చీ చూడాలని వుంటే అసర్ నమాజు తరువాత మా యింటికి రండి. అమ్మీయే నడిపి చూపిస్తుంది. ఖుదా హాఫిజ్.